ఆఫ్‌పిస్ట్, స్కీ టూరింగ్ క్లినిక్‌కు నల్లగొండ, పాలమూరులో ఉండి ఎలా సిద్ధం కావాలి

జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో గుల్మార్గ్‌లో జరిగే ఆఫ్‌పిస్ట్ క్లినిక్‌కు మీరు పేరు ఇచ్చారనుకుందాం. మీరుండేది నల్లగొండలోనో, దేవరకొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో. ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే ఊళ్లు మనవి. ఇక్కడ కూర్చుని మంచుకు ఏం సిద్ధమవుతాం, అక్కడికి వెళ్తే వాళ్లే నేర్పుతారు కదా అనిపించడం సహజం. కానీ క్లినిక్‌లో ఉండే నాలుగైదు రోజుల్లో గైడ్ నేర్పగలిగేది కొంతే. కాళ్లలో బలం, పరికరాల మీద చేతి అలవాటు, మంచులో కూరుకుపోయిన మనిషిని నిమిషాల్లో వెతికి తీసే పద్ధతి, నచ్చని వాలు దగ్గర ఆగిపోదామని నోరు తెరిచి చెప్పడం, ఇవి ఇంటి దగ్గర మొదలుకావాలి. వీటిలో దేనికీ మంచు అక్కర్లేదు.

ఇంకా తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మెషీన్లతో చదును చేసి, హద్దులకు గుర్తులు పెట్టి, రోజూ కనిపెట్టి చూసుకునే స్కీ దారి పిస్ట్. దాని బయట, ఎవరూ చదును చేయని మంచులో జారడం ఆఫ్‌పిస్ట్. లిఫ్ట్ ఎక్కకుండా, స్కీల అడుగున స్కిన్‌లు అనే పట్టీలు అంటించుకుని కాళ్లతోనే కొండెక్కి, పైన వాటిని పీకేసి కిందికి జారడం స్కీ టూరింగ్. క్లినిక్ అంటే ఈ పనిని గైడ్ దగ్గర చిన్న గుంపుగా కొద్ది రోజులు నేర్చుకోవడం.

ముందు మీ స్థాయి చూసుకోండి

ఇంతవరకు స్కీలు కట్టుకోని వాళ్లు నేరుగా ఆఫ్‌పిస్ట్ క్లినిక్‌కు వెళ్లకూడదు. ఎంత ఫిట్‌గా ఉన్నా సరే. ముందు ఒక బేసిక్ కోర్సు చేయండి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరున్న పర్వతారోహణ సంస్థ ఉంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ కోర్సులు నడుపుతుంది. ఈ ఏడాది అది, వచ్చే ఏడాది క్లినిక్. ఆ క్రమంలో వెళ్తే డబ్బూ వృథా కాదు, మోకాళ్లూ మిగులుతాయి.

బేసిక్ అయిపోయిన వాళ్లు తమను తాము ఇలా పరీక్షించుకోవాలి. మధ్యస్థంగా నిటారుగా ఉన్న పిస్ట్ మీద రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి వరసగా మలుపులు తిప్పగలరా? కుడివైపూ ఎడమవైపూ అనుకున్న చోట ఆగగలరా? స్కీలు అడ్డంగా పెట్టి వాలు మీద పక్కకు జారుతూ దిగగలరా? పడ్డాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలరా? నాలుగింటికీ అవునని చెప్పగలిగితే మీరు తయారు. ఒక్కదానికి కాదన్నా క్లినిక్‌కు ముందు రెండు మూడు రోజులు పిస్ట్ మీద ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకోండి. లోతైన మంచులో కాళ్ల కింది స్కీలు కనిపించవు, కాబట్టి కనిపించేచోటే ఆ మలుపులు కాళ్లకు వచ్చి ఉండాలి.

నిర్వాహకులకు ఫోన్ చేసినప్పుడు సిగ్గుపడకుండా అన్నీ అడగండి. ఒక గైడ్‌కు ఎంతమంది? ఆరుగురు దాటితే నేనైతే వద్దంటాను. గైడ్‌కు ఏ సర్టిఫికెట్ ఉంది, ఆ కొండ మీద ఎన్ని సీజన్లుగా పని చేస్తున్నాడు? మంచులో కూరుకుపోయిన మనిషిని వెతికే బీకన్, ప్రోబ్, తవ్వే పార ఫీజులోనే ఇస్తారా? మంచు చరియల ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజు ఏం చేయిస్తారు? ఈ చివరి ప్రశ్నకు ‘అలాంటిదేం ఉండదు సార్, మేం చూసుకుంటాం’ అన్న జవాబు వస్తే వేరే చోటు వెతుక్కోండి. మంచి గైడ్ ఆ ప్రశ్నకు పది నిమిషాలు మాట్లాడతాడు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, చలి పీక్‌లో ఉండే కాలం. అయినా మంచు ఆ తేదీలు చూసుకుని పడదు. 2024 జనవరిలో గుల్మార్గ్ చాలా రోజులు గడ్డి కనిపిస్తూనే ఉంది. అందుకే ఫిబ్రవరి మొదటి మూడు వారాల్లో క్లినిక్ దొరికితే అది తీసుకోండి. అక్కడినుంచి వెనక్కి లెక్కేస్తే వినాయకచవితి చుట్టుపక్కల ఒళ్లు వంచడం మొదలుపెట్టాలి. వానలు తగ్గుతుంటాయి, పొద్దున పూట చల్లగా ఉంటుంది, చేతిలో అయిదు నెలలు ఉంటాయి.

కాళ్లకు గుట్టలే జిమ్

మనకు మంచు లేదు గానీ గుట్టలకు కరువు లేదు. నల్లగొండ వాళ్లకు లతీఫ్ సాహెబ్ గుట్ట ఊళ్లోనే ఉంది. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు మెట్లున్నాయి. పాలమూరు వైపు కోయిలకొండ కోట, అచ్చంపేట వైపు ఉమామహేశ్వరం. అన్నింటికన్నా మించింది భువనగిరి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ మొదట్లో శిక్షణ పొందింది ఆ బండ మీదే.

టూరింగ్ క్లినిక్‌లో ఒక రోజుకు 600 నుంచి 1,000 మీటర్ల ఎత్తు ఎక్కాల్సి రావచ్చు. భువనగిరి గుట్ట ఎత్తు సుమారు 500 అడుగులంటారు, అంటే 150 మీటర్లు. నాలుగుసార్లు ఎక్కి దిగితే క్లినిక్‌లో ఒక తేలికపాటి రోజు. డిసెంబర్ నాటికి, వీపు మీద ఎనిమిది కిలోల బ్యాగుతో, ఒకే పూటలో ఆ నాలుగుసార్లూ పూర్తిచేసి మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్లగలగాలి. వెళ్లలేకపోతే ఇంకా సమయం కావాలన్నమాట. మీ ఊరి గుట్ట ఎత్తు ఫోన్‌లో ఆల్టిమీటర్ యాప్‌తో కొలుచుకుని మీ లెక్క మీరు వేసుకోండి.

ఎక్కేటప్పుడు పరుగు వద్దు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ ఎక్కగలిగేదే సరైన వేగం. టూరింగ్‌లో ఆయాసపడేవాడు పావుగంటకోసారి ఆగుతాడు, నిదానంగా పోయేవాడు గంటసేపు ఆగడు. బ్యాగులో బరువుకు నీళ్ల సీసాలు పెట్టండి. మొదటి నెల పైకి వెళ్లాక నీళ్లు పారబోసి తేలిగ్గా దిగండి. మోకాళ్లు అలవాటు పడ్డాక నీళ్లు పారబోయడం మానేసి బరువుతోనే దిగండి. చాలామంది ఎక్కడాన్నే వ్యాయామం అనుకుంటారు. స్కీయింగ్‌కు కావాల్సింది దిగడంలో ఉంది. వంగిన మోకాలితో బరువును ఆపుతూ దిగే ఆ కండరాలే మంచులో మలుపు మలుపుకూ పని చేస్తాయి. మూడో రోజు మధ్యాహ్నం తొడలు వణికేది ఇక్కడ దిగడాన్ని తేలిగ్గా తీసుకున్న వాళ్లకే.

తడిసిన బండ మీద మాత్రం వద్దు. వాన పడిన రోజు ఇంట్లోనే గోడకు వీపు ఆనించి కుర్చీలా కూర్చోవడం, ఒంటికాలి గుంజీలు, ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచి లేవడం చేయండి. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, మబ్బు కమ్మి నేలా ఆకాశం ఒకేలా కనిపించే రోజు ఎంత అక్కరకొస్తుందో అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. టూరింగ్‌లో నిటారు వాలు మీద దిశ మార్చాలంటే ఒక కాలెత్తి స్కీతో సహా వెనక్కి తిప్పి పెట్టాలి, కిక్ టర్న్ అంటారు. దానికి తుంటి కీళ్లు వదులుగా ఉండాలి. రోజూ అయిదు నిమిషాలు గొంతుక్కూర్చోవడం అలవాటున్న వాళ్లకు ఇది సులువు. ఊళ్లో ఎక్కడైనా రోలర్ స్కేటింగ్ నేర్పుతుంటే పిల్లలతో పాటు మీరూ చేరండి. అంచుల మీద బరువు మార్చడం కాళ్లకు తెలుస్తుంది.

ఎత్తుకు మాత్రం ఇక్కడ సాధన లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ 500 మీటర్ల లోపు ఎత్తులో ఉన్నాయి. గుల్మార్గ్ 2,650 మీటర్లు, కొండపైకి తీసుకెళ్లే రోప్‌వే, అంటే గొండోలా, రెండో దశ దిగేచోట దాదాపు 3,950. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 60 శాతం చిల్లర. క్లినిక్ మొదలయ్యే రోజుకు కనీసం రెండు రోజుల ముందే గుల్మార్గ్ చేరి నెమ్మదిగా తిరగండి, నీళ్లు బాగా తాగండి. తలనొప్పి, వికారం ఉంటే దాచకుండా గైడ్‌కు చెప్పండి.

బీకన్ సాధన: దీన్ని మాత్రం దాటేయకండి

ఈ మొత్తంలో ఒక్కటే చేయగలను అంటే ఇది చేయండి.

మంచులో పూర్తిగా కూరుకుపోయిన వాళ్లను మొదటి పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట అయ్యేసరికి బతికేది మూడో వంతు మందే. ఎక్కువమంది పోయేది ఊపిరాడక. పోలీసులు, ఆర్మీ, రెస్క్యూ టీమ్ ఎంత వేగంగా బయల్దేరినా ఆ పది నిమిషాల్లో రాలేరు. పక్కన ఉన్నవాళ్లే రక్షించాలి. అంటే మీ ప్రాణం మీ స్నేహితుడి సాధన మీద, అతని ప్రాణం మీ సాధన మీద ఆధారపడి ఉంది.

కొండ మీద గుంపులో ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు ఉండాలి. బీకన్, ప్రోబ్, పార. బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపే, పట్టే చిన్న పరికరం. మూడు యాంటెన్నాల డిజిటల్‌దే తీసుకోండి. ప్రోబ్ మడత కర్ర, విప్పితే 240 సెంటీమీటర్లకు తక్కువ ఉండకూడదు. పార అల్యూమినియంది కావాలి, ప్లాస్టిక్ గట్టిపడ్డ మంచును కోయలేదు. ఫోన్‌లో యాప్ ఉంది కదా అనే వాళ్ల మాట వినకండి, ఫోన్ ఆ సిగ్నల్ పట్టలేదు. కొత్త బీకన్ ఖరీదైనదే. ఒకే క్లినిక్‌కు వెళ్లే ఇద్దరు ముగ్గురు కలిసి రెండు కొనుక్కుంటే ఇంటి దగ్గర సాధనకు సరిపోతాయి.

నవంబర్‌లో వరి కోతలు అయ్యాక, యాసంగి నాట్లు పడేలోపు మడులు ఖాళీగా ఉంటాయి. మీదో, తెలిసినవాళ్లదో అడిగి ఆదివారం పొద్దున ఇద్దరు వెళ్లండి. ఒక బీకన్ ఆన్ చేసి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, గడ్డి కుక్కిన గోనె సంచిలో పెట్టి, రెండోవాడు చూడకుండా గడ్డి కుప్పల్లో ఒకదాని కింద దాచండి. అలాంటి కుప్పలు పదీ పదిహేను వేసి ఉంటే ఇంకా మంచిది. ఇప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టి రెండోవాడిని వదలండి.

వెతికేవాడు ముందు తన బీకన్‌ను సెర్చ్‌లోకి మార్చాలి. టెన్షన్‌లో మొదట మరిచేది ఇదే. మారిస్తే సరిపోదు, మిగిలిన అందరూ మార్చారో లేదో గట్టిగా అరిచి అడగాలి. ఒక్కరిది పంపే స్థితిలో ఉండిపోయినా యంత్రం ఆ బతికున్నవాడి దగ్గరికే తీసుకుపోతుంది. తన ఫోన్ ఆఫ్ చేయాలి, లేదా బీకన్‌కు కనీసం అర మీటరు దూరంలో ఉంచాలి. సిగ్నల్ దొరికేదాకా పరుగు. దొరికాక స్క్రీన్ మీద బాణం, దాని కింద ఒక అంకె వస్తాయి. అంకె తగ్గుతుంటే దగ్గరవుతున్నట్టు. బాణం నేరుగా కాకుండా కొడవలిలా వంపు తిరిగి తీసుకెళ్తుంది, అది చెప్పినట్టే పోండి, అడ్డదారి తొక్కకండి. అంకె పది లోపు వచ్చాక పరుగు ఆపి నడక, మూడు లోపు వచ్చాక వంగి, బీకన్‌ను నేలకు ఆనించినంత కిందికి దించి, చాలా నిదానంగా. ఇక్కడినుంచి బాణాన్ని పట్టించుకోవద్దు. బీకన్‌ను తిప్పకుండా ముందుకు జరపండి. అంకె తగ్గి మళ్లీ పెరిగిన చోటినుంచి వెనక్కి రండి. అతి తక్కువ అంకె దగ్గర ఆగి, కుడికీ ఎడమకూ అలాగే చూడండి. అన్నిటికన్నా చిన్న అంకె వచ్చిన చోట గుర్తు పెట్టండి.

అక్కడినుంచి ప్రోబ్. వాలుకు లంబంగా, అంటే మంచు పైపొరకు నిటారుగా దించాలి. తగలకపోతే జానెడు దూరంలో మళ్లీ, ఆ తర్వాత మళ్లీ జానెడు, చుట్లు చుట్లుగా బయటికి పోవాలి. గోనె సంచికి తగిలినప్పుడు చేతికి వచ్చే మెత్తని తాకిడి, గట్టి నేలకు తగిలినప్పటి తాకిడి వేరు. కళ్లు మూసుకుని ఆ రెండింటి తేడా పట్టుకునేదాకా చేయండి. తగిలాక ప్రోబ్ పీకకండి, అలాగే వదిలేయండి. తవ్వాల్సింది దాని మొదట్లో కాదు. ఎంత లోతులో తగిలిందో దానికి ఒకటిన్నర రెట్లు కింది వాలుకు జరిగి, అక్కడినుంచి మనిషి వైపు పక్కగా తవ్వుకుంటూ పోవాలి. లేకపోతే తీసిన మంచు మళ్లీ గుంటలోకే పడుతుంది, మనిషి మీద మనమే నిలబడతాం.

తవ్వడం అన్నింటికన్నా ఎక్కువ సమయం తినే పని. ఇల్లు కడుతున్న చోట ఇసుక కుప్ప ఉంటుంది. యజమానిని అడిగి, అందులో మీటరు లోతున గోనె సంచి పెట్టి, ఇద్దరు తవ్వండి. ముందువాడు కోసి వెనక్కి తోస్తే, రెండోవాడు దాన్ని ఇంకా వెనక్కి లాగాలి. నిమిషానికోసారి చోట్లు మార్చుకోవాలి. తర్వాత ఇసుక మళ్లీ కుప్పగా ఎత్తి పెట్టి రావడం మన బాధ్యత.

నాలుగు నిమిషాల్లో సంచిని ప్రోబ్‌తో తాకగలిగేదాకా వారం వారం వెళ్లండి. క్లినిక్‌లో మొదటి రోజే గైడ్ ఇది చేయిస్తాడు. అప్పటికే మీ చేతులకు వచ్చి ఉంటే ఆయన మీకు ఇద్దరు ముగ్గురిని ఒకేసారి వెతకడం లాంటి తర్వాతి పాఠాలు చెప్పగలుగుతాడు.

వాలును కంటితో కొలవడం

మంచు పొరలు పలకలా విడిపోయి జారే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద వస్తాయి. స్కీయింగ్‌కు బాగుండేదీ ఆ వాలే, అందుకే ఇంత జాగ్రత్త. చనిపోయినవాళ్లలో అత్యధికుల విషయంలో ఆ పలకను కదిలించింది వాళ్లు గానీ, వాళ్ల గుంపులోని వాళ్లు గానీ. అంటే ఎక్కడ అడుగు పెడతామన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది.

30 డిగ్రీలు ఎంత ఉంటుందో మన కంటికి తెలియదు, ఎప్పుడూ ఎక్కువో తక్కువో అనిపిస్తుంది. ఫోన్‌లో కోణం కొలిచే యాప్ వేసుకుని అదే ఇసుక కుప్ప మీద పెట్టి చూడండి. పొడి ఇసుక తనంతట తాను నిలిచే వాలు 30కి కొంచెం పైనే ఉంటుంది. దాన్ని ఎదురుగా, పక్కనుంచి, పైనుంచి చూసి కళ్లకు పట్టించండి. చెరువు కట్ట లోపలి వాలు, బయటి వాలు, గుడి మెట్లు, రోడ్డు పక్క మట్టి కట్ట, కనిపించిన ప్రతిదాన్నీ ముందు ఊహించి తర్వాత కొలవండి. నెల రోజుల్లో మీ ఊహకూ యాప్‌కూ మధ్య తేడా మూడు నాలుగు డిగ్రీలకు తగ్గుతుంది.

మంచు గురించి చదవాల్సింది కూడా ఉంది. కశ్మీర్‌కు మంచు తెచ్చేది పశ్చిమం నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు. అవి వచ్చి ఒకటి రెండు రోజులు బాగా మంచు కురిశాక వాలు అన్నింటికన్నా ప్రమాదంగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే అందరికీ పైకి వెళ్లాలనిపిస్తుంది. గాలి ఒకవైపు మంచును ఊడ్చి ఇంకోవైపు పలకలా పేర్చడం, అడుగు వేయగానే కింద ‘వుమ్ఫ్’ మని కుంగిన చప్పుడు, స్కీ ముందునుంచి పగుళ్లు పరుగెత్తడం, పక్క వాలు మీద అప్పటికే చరియ పడి ఉండటం, ఉన్నట్టుండి ఎండ కాసి వేడెక్కడం, వీటిలో ఏది కనిపించినా అక్కడ ఆగాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కింద చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్‌ఈ అనే సంస్థ మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. వెళ్లే ముందు వారం రోజులనుంచే వాటిని చూడటం అలవాటు చేసుకోండి. ప్రమాద స్థాయిని 1 నుంచి 5 వరకు చెబుతారు. 3 అంటే మధ్యలోనే ఉంది కదా అనుకోవద్దు, 3 చాలా తీవ్రమైన స్థాయి.

గుల్మార్గ్‌లో గొండోలా చుట్టుపక్కల ప్రధాన వాలును స్కీ పెట్రోల్ అనే భద్రతా సిబ్బంది చూసుకుంటారు, దాని బయట ఎవరూ చూడరు. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్ పైనున్న అఫర్వత్ కొండ మీద మంచు చరియ పడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ పోయాడు. అనుభవం ఉన్నవాళ్లకూ జరుగుతుంది.

‘వద్దు’ అని చెప్పడం

నాకు అన్నింటికన్నా ఎక్కువ పట్టింపు ఉన్న విషయం ఇది. మన పెంపకంలో పెద్దవాళ్ల మాటకు, సార్ మాటకు ఎదురు చెప్పకూడదు. పదిమంది వెళ్తుంటే నేనొక్కడినే వద్దనడం ఏం బాగుంటుంది అనుకుంటాం. ఇంత దూరం వచ్చాం, ఇంత డబ్బు పెట్టాం అనే లెక్క ఒకటి. మంచు కొండ మీద ఈ మూడూ కలిస్తే ఎవరికీ నచ్చని వాలులోకి అందరూ నిశ్శబ్దంగా దిగుతారు.

అందుకే వెళ్లేముందే మీ వాళ్లతో ఒక ఒప్పందం చేసుకోండి. గుంపులో ఒక్కరు వద్దన్నా ఆ వాలు ఎక్కం, కారణం అడగం, తర్వాత ఎత్తిపొడవం. గుట్ట ఎక్కే రోజుల్లోనే దీన్ని నిజంగా వాడండి. ఒకరు ‘అన్నా, ఇవాళ నాకు బాగలేదు, ఇక్కడినుంచి దిగుదాం’ అంటే పైన గుడి యాభై మెట్ల దూరంలో ఉన్నా అందరూ వెనక్కి తిరగండి. రెండు మూడుసార్లు అలా తిరిగితే ఆ మాట చెప్పడం తేలికవుతుంది. గైడ్‌తో చెప్పడానికి మనకు వచ్చిన హిందీ చాలు: ‘భాయ్, ముఝే ఠీక్ నహీ లగ్ రహా, వాపస్ చల్తే.’ మంచి గైడ్ దీన్ని అవమానం అనుకోడు.

బట్టలు, బూట్లు, స్కిన్‌లు

పోచంపల్లి, నారాయణపేట, గద్వాల నూలు కట్టే ప్రాంతం మనది, అయినా మంచులోకి నూలు వద్దు. లోపలి బనియన్‌తో సహా. పత్తి చెమటను పీల్చి పట్టుకుంటుంది, ఆగిన వెంటనే చల్లబడి ఒంటి వేడి లాగేస్తుంది. వానలో గొర్ల వెంట తిరిగే మన గొల్ల కురుమలు గొంగడి కప్పుకుంటారు, తడిసినా వెచ్చగానే ఉంటుంది. మెరినో ఉన్నితో చేసిన పలుచటి లోబట్టలు అదే పని చేస్తాయి. ఖరీదనుకుంటే పాలియెస్టర్ రన్నింగ్ టీషర్ట్ సరిపోతుంది. దానిపైన పలుచటి ఫ్లీస్, అన్నింటిపైన గాలి, తడి ఆపే జాకెట్. ఆగినప్పుడు వేసుకోవడానికి ఉబ్బుగా ఉండే పఫ్ జాకెట్ బ్యాగులో. ఎక్కడం మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగానే ఉండాలి, పది నిమిషాల్లో వేడెక్కుతారు. గ్లౌజులు రెండు జతలు: ఎక్కేటప్పుడు పలుచనివి, దిగేటప్పుడు మందమైనవి. హెల్మెట్, గాగుల్స్ తప్పనిసరి. మంచు ఎండను కళ్లలోకి, ముక్కు కిందికి తిప్పికొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ ముక్కు రంధ్రాల కింద, గడ్డం కింద కూడా రాయండి.

బూట్లు అద్దెకు తీసుకునేవాళ్లు సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మడమ గోడకు ఆనించి నిలబడి బొటనవేలి చివరిదాకా సెంటీమీటర్లలో కొలవండి. 26.5 వస్తే మీ స్కీ బూటు సైజు 26.5. ముందే చెప్పి ఉంచండి. తొడిగాక నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచుకు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి రావాలి. సాక్సు ఒక్క జతే, పలుచటిది. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు, రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. కాలిగోళ్లు ముందు రోజు కత్తిరించుకోండి.

బూటును స్కీకి పట్టి ఉంచే టూరింగ్ బైండింగ్‌లో ముందు మీట ఎక్కేటప్పుడు లాక్‌లో ఉంటుంది. దిగేముందు దాన్ని తీయాలి. లాక్‌లోనే ఉంచి జారితే పడ్డప్పుడు స్కీ ఊడదు, కాలు విరుగుతుంది. స్కిన్‌ల జిగురుకు చలి పడదు, మంచు అంటితే అసలు అతుక్కోదు. ఆగినప్పుడు మడిచి జాకెట్ లోపల పెట్టుకోండి.

జేబులో పల్లిపట్టీ, నువ్వుల ఉండలు, ఖర్జూరం. సంక్రాంతి సకినాలు మిగిలి ఉంటే అవీ పట్టుకెళ్లండి, గైడ్‌తో స్నేహం కుదురుతుంది. ట్యూబుతో పీల్చే నీళ్ల సంచి వద్దు, ట్యూబులో నీళ్లు గడ్డకడతాయి. ఫ్లాస్కులో వేడినీళ్లు మేలు.

ప్రయాణం, కాగితాలు

జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి మొదలయ్యేది శ్రీనగర్‌లోనే, కానీ మీరు శంషాబాద్ నుంచి విమానం ఎక్కండి. మంచు కురిస్తే శ్రీనగర్ విమానాలు రద్దవుతాయి, కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి. మంచు రోజుల్లో తంగ్‌మార్గ్ నుంచి గుల్మార్గ్‌కు టైర్లకు గొలుసులు కట్టిన బండో, ఫోర్ బై ఫోరో కావాలి. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పని చేయదు, పోస్ట్‌పెయిడ్‌కు మారండి. శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ అనుమతి లేకుండా మన దేశంలో నేరం, ఎవరైనా విదేశం నుంచి తెచ్చిచ్చినా తీసుకెళ్లకండి. ఇన్సూరెన్స్ పాలసీలో అడ్వెంచర్ స్పోర్ట్స్‌కు, ముఖ్యంగా ఆఫ్‌పిస్ట్‌కు వర్తిస్తుందో లేదో చదవండి, చాలా పాలసీలు దాన్ని మినహాయిస్తాయి. ఇంట్లో అమ్మానాన్నలకు గైడ్ నంబర్, హోటల్ నంబర్, రోజూ ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో రాసిచ్చి వెళ్లండి.

కొండ మీద మొదటి ఉదయం

బీకన్‌లో కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు, దాన్ని లోబట్టల మీద, జాకెట్ కింద పట్టీతో ఒంటికి కట్టుకోవాలి, ఫోన్‌కు జానెడు దూరంగా. పార, ప్రోబ్ బ్యాగు లోపల, అడుగున కాకుండా చేతికి అందేలా. బయల్దేరే చోట గైడ్ ఒక్కొక్కరినీ తన ముందునుంచి నడిపించి బీకన్ పంపుతోందా లేదా చూస్తాడు. చూడకపోతే మీరే అడగండి. అనుమానం ఉన్న వాలును ఒక్కొక్కరుగా దాటాలి, మిగిలినవాళ్లు క్షేమమైన చోట నిలబడి దాటేవాడి మీదే కళ్లుంచాలి. ఎవరైనా చరియలో పడితే చివరిసారి కనిపించిన చోటును వేలుపెట్టి చూపిస్తూ ఉండాలి, వెతకడం అక్కడినుంచి కిందికి మొదలవుతుంది.

తిరిగి వచ్చాక బీకన్ బ్యాటరీలు తీసేయండి, లోపలే ఉంచితే కారి పరికరం పాడవుతుంది. స్కిన్‌లు కొన్నవాళ్లు వాటిని నీడలో ఆరబెట్టి, జిగురు వైపుకు నెట్ పట్టీ వేసి మడిచి పెట్టాలి. మార్చి నుంచి మన మిద్దె మీది గదులు కొలిమిలా కాగుతాయి, అక్కడ పెడితే జిగురు కరిగి జూన్‌కల్లా పనికిరాకుండా పోతుంది. కింది అంతస్తులో ఎండ తగలని బీరువాలో, అడుగు అరలో పెట్టండి.